అన్నం మాత్ర

మందుల షాపతను స్ట్రిప్పు వెనక పెన్నుతో గీతలు గీసి, "ఇది అన్నం ముందు వేసుకోవాలండి" అన్నాడు.

"ఎవరి అన్నం ముందు?" అన్నాను.

అతను ఓసారి నా మొహంలోకి చూశాడు. ఈవిడకి షుగరే కాదు, ఇంకేదో కూడా మొదలైందనుకుని ఉంటాడు. "మీ అన్నం ముందేనండి. వేసుకునేది మీరే కదా" అని, నా పక్కన నిలబడ్డ పెద్దాయన చీటీ అందుకున్నాడు. నేను డబ్బులిచ్చి బయటికొచ్చి, భీమవరం ఎండలో రోడ్డు పక్కన నిలబడి, సంచిలోంచి ఆ స్ట్రిప్పు మళ్ళీ తీసి చూశాను. అనుమానం లేదు, అదే మాత్ర. కందిబద్దంత ఉంటుంది. మా మేనత్త ఇంట్లో దాన్ని అన్నం మాత్ర అనేవారు.

అత్త పోయి కొన్నేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఆవిడ గురించి రాయాలనుకోలేదు. తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. కోపంతో రాసేదాన్ని జ్ఞాపకం అనరేమోనని ఊరుకున్నాను. ఇప్పుడు ఆ మాత్ర నా వంతుకి కూడా వచ్చింది కాబట్టి ఇంక ఊరుకోలేకపోయాను.

అత్త మా నాన్నకి అక్క. పేరు రాయను. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆవిడకి ఎప్పుడో కరువయ్యారు. ఆ ఇంటికి వచ్చేవాళ్ళకి ఆవిడ అమ్మగారు, వదినగారు, చెల్లెమ్మ. మావయ్య 'ఇదిగో' అనేవాడు. పెరట్లో ఉన్నా, మేడ మీద ఉన్నా ఆ ఒక్క మాటకి "ఆఁ, వస్తున్నానండీ" అని పలికేది. రోడ్డు మీద ఎవరైనా ఇంకెవరినో 'ఇదిగో' అన్నా ఆగి వెనక్కి తిరిగి చూసేది. అలా చూసి, తనని కాదని తెలిసి, నాతో పాటు తనూ నవ్వుకునేది.

మొగల్తూరుకి కాస్త ఇవతల వాళ్ళ ఊరు. మావయ్య ముందు వరి వేసేవాడు. తర్వాత అందరిలాగే పొలాలు తవ్వించి రొయ్యల చెరువులు చేశాడు. వరి ఉన్నప్పుడు చుట్టాలొచ్చేవారు. చెరువులయ్యాక రొయ్యల మేత అమ్మేవాళ్ళు, ఐసు వాళ్ళు, మోటార్లు బాగుచేసేవాళ్ళు, రొయ్యలు కొనేవాళ్ళు, వాళ్ళకి తోడొచ్చేవాళ్ళు, ఎవరో ఒకరు రోజూ వచ్చేవారు. మధ్యాహ్నం పూట ఆ గుమ్మం తొక్కిన మనిషిని భోజనం చెయ్యకుండా పంపడం తమ వంశంలో లేదని మావయ్య చెప్పేవాడు. చాలాసార్లు చెప్పేవాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఆయనకి ఆ పేరుంది. ఆ పేరుకి పొయ్యి దగ్గర నిలబడి వంట చేసింది మాత్రం అత్త.

మా వైపు పదిమందికి భోజనం పెట్టాలంటే బంతులుగా కూర్చోబెడతారు. ఆ ఇంట్లో మొదటి బంతి కార్లలో వచ్చినవాళ్ళది, వాళ్ళ పక్కనే మావయ్య. రెండో బంతి మోటారు సైకిళ్ళ వాళ్ళది, ఊళ్ళో మగవాళ్ళది. తర్వాత డ్రైవర్లు, చెరువు మీద పనిచేసేవాళ్ళు. వాళ్ళందరూ లేచి, ఆకులు తీసి, నేల తుడిచాక, గిన్నెల అడుగున ఏం మిగిలిందో చూసుకుని అత్త. అప్పటికి ఏ మూడున్నరో అయ్యేది. చెరువులో రొయ్యలన్నీ పట్టి అమ్మేసే పట్టుబడి రోజున ఇంకా పొద్దు వాలేది.

ఆ ఇంట్లో ఆవిడ కూర్చుని తినగా నేను చూడలేదు. వంటింటి గట్టు మీద కంచం పెట్టుకుని, పప్పూ కూరా పులుసూ ఒకేసారి కలిపేసి, నిలబడే నాలుగు ముద్దలు తినేది. ఈలోపు ఎవరైనా లోపలికొస్తే కంచం మీద మూత పెట్టేసి, తిననట్టే మాట్లాడేది. ఇంకో అలవాటుంది, అది కనిపెట్టడానికి నాకు చాలాకాలం పట్టింది. వడ్డిస్తుంటే ఎవరైనా మర్యాదకి "మీరు కూడా కానిచ్చేయండి చెల్లెమ్మా" అన్నారనుకోండి, లోపలికెళ్ళి కుడిచెయ్యి కుళాయి కింద తడుపుకుని, కొంగుతో తుడుచుకుంటూ బయటికొచ్చేది. "నాదయిందండీ" అనేది. చూసినవాళ్ళు తిని చెయ్యి కడుక్కుని వచ్చిందనుకునేవారు. నేను కూడా అలాగే అనుకుని, ఒకసారి వెనకాలే వెళ్ళి చూశాను కాబట్టి తెలిసింది.

మెత్తటి మనిషి అనుకుంటారేమో, కాదు. బాగా నోరుండేది. పెందరాళే తినే ఆడవాళ్ళంటే ఆవిడకి మహా లోకువ. మా అమ్మ పన్నెండున్నరకల్లా తినేస్తుందని, "మీ అమ్మది గవర్నమెంటు కడుపే, టైముకి బెల్లు కొట్టేస్తుంది" అనేది. కొడుకూ కోడలూ కాకినాడలో ఉంటారు, అతనికి ఎరువుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. కోడలు సెలవులకి వచ్చి, ఆకలేసి ముందే ఇంత పెట్టుకుని కూర్చుంటే, అత్త ఏమీ అనేది కాదు. ఆ కంచం వంక ఒక్క చూపు చూసేది. మర్నాటినుంచీ ఆ అమ్మాయి కూడా ఆగేది.

వంట రుచి చూడ్డం కూడా ఆవిడ దృష్టిలో తప్పే. వడ్డించకముందు నాలిక్కి తగిలిస్తే అది ఎంగిలి. ఉప్పు సరిపోయిందో లేదో గిన్నె మీద మూత తీసి వాసన చూసి చెప్పేది, చెప్పింది తప్పయ్యేది కాదు. వంటింట్లో ఉండి, బయట గ్లాసుల చప్పుడు, ఆకుల చప్పుడు విని, బంతి పులుసు దాకా వచ్చిందో పెరుగు దాకా వచ్చిందో చెప్పేది. ఇంతమంది ఆకలి వినపడిన మనిషికి తన ఆకలి వినపడలేదంటే నేను నమ్మను. వినపడేది, వినపడటం గొప్పతనం కాదని ఆవిడకి ఎవరో చిన్నప్పుడు చెప్పారు. చెప్పినవాళ్ళు పోయారు, ఆవిడ వదల్లేదు. అందుకే నాకు అత్త మీద కూడా కోపమే.

ఆవిడకి షుగరని తెలిసినప్పుడు ఇంట్లో ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. మా వైపు ఆ వయసులో షుగరు లేని మనిషి దొరకడమే కష్టం. మొదట్లో పొద్దున్న ఒక మాత్ర వేసుకునేది. అది చాలటం లేదని తర్వాత నరసాపురంలో డాక్టరు ఈ అన్నం మాత్ర రాశాడు. పొద్దున్న మాత్ర సంగతి ఎప్పుడూ పట్టించుకోని మావయ్య, ఈ మాత్రని మాత్రం తన బాధ్యత చేసుకున్నాడు. ఎందుకంటే ఇది భోజనాల వేళ వేసుకునేది, భోజనాల వేళ ఆ ఇంట్లో నలుగురూ ఉంటారు.

మొదటి బంతి కూర్చునేది. ఆకుల మీద నీళ్ళు చల్లుకుని అందరూ సిద్ధంగా ఉండేవారు. అత్త అన్నం గిన్నె పట్టుకుని వచ్చేది. అప్పుడు మావయ్య "ఇదిగో, ఒక్క నిమిషం" అని ఆపి, లాల్చీ జేబులోంచి స్ట్రిప్పు తీసి, మాత్ర నొక్కి ఆవిడ అరచేతిలో పెట్టి, తన మంచినీళ్ళ గ్లాసు అందించేవాడు. అత్త గిన్నె కింద పెట్టి, అందరి ముందూ మాత్ర మింగి, గ్లాసు తిరిగిచ్చి, మళ్ళీ గిన్నె ఎత్తుకునేది. "అన్నం ముందు వేసుకునేదండి. నేను గుర్తు చెయ్యకపోతే వేసుకోదు" అని మావయ్య వచ్చినవాళ్ళతో చెప్పేవాడు. ఈ రోజుల్లో భార్యని ఇంత కనిపెట్టుకుని ఉండే మగాడెవరండీ అని వాళ్ళు మెచ్చుకునేవారు. రొయ్యలు కొనడానికొచ్చిన ఒకాయనైతే ఇంటికెళ్ళి తన భార్యకి కూడా ఈ సంగతి చెప్పాడట. మెచ్చుకోవడాలు అయ్యాక వడ్డన మొదలయ్యేది. మొదటి బంతి, రెండో బంతి, మూడో బంతి. మింగిన మాత్ర ఆవిడ ఖాళీ కడుపులో తన పని తాను చేసుకుపోతూ ఉండేది. కార్తీక సోమవారాలు అత్త ఉపవాసం ఉన్నప్పుడు కూడా ఆయన మాత్ర మానిపించలేదు. ఉపవాసం అన్నానికే కానీ మందుకి కాదన్నాడు.

రెండో బంతి నడుస్తుండగా ఆవిడకి చెమటలు పట్టేవి. పొయ్యి దగ్గర మనిషికి చెమట పడితే ఎవరు పట్టించుకుంటారు? చేతులు వణికేవి. ఒకసారి పులుసు గరిటె తొణికి ఒక పెద్దమనిషి తెల్లచొక్కా మీద పడితే, వయసు మీద పడుతోందిలెండి అని మావయ్య నవ్వేశాడు. ఎవరూ చెప్పకుండానే ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టుకుంది. పోపు డబ్బా వెనక చిన్న సీసాలో బెల్లం ముక్కలు పెట్టుకునేది. కళ్ళు చీకట్లు కమ్మినప్పుడు ఒక ముక్క బుగ్గన పెట్టుకుంటే మళ్ళీ నిలబడగలిగేది.

ఒకరోజు మావయ్య ఏదో పనిమీద లోపలికొచ్చి, బుగ్గన బెల్లంతో ఉన్న ఆవిణ్ణి చూశాడు. ఇంకేముంది, ఆ సరదా ఆయనకి ఏళ్ళ తరబడి సరిపోయింది. "నేనో పక్క మాత్రలు మింగిస్తుంటే, ఇదో పక్క బెల్లం మింగుతోందండీ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అందరూ నవ్వేవారు, అత్త కూడా నవ్వేది. సీసా దాచే చోటు మార్చేది. ఆయన వెతికి పట్టుకుని హాల్లోకి తెచ్చి చూపించేవాడు. చివరికి మా ఇళ్ళల్లో పిల్లలు కూడా ఆవిణ్ణి బెల్లం దొంగ అనడం మొదలుపెట్టారు. ఆవిణ్ణి నిలబెడుతున్నది ఆ బెల్లమేనని మాలో ఎవరికీ తెలియదు.

ఒక ఎండాకాలం సెలవులకి వెళ్ళినప్పుడు, ఆవిడ వంటింట్లో గోడకి చేరబడి కూర్చుండిపోవడం చూశాను. మొహం పాలిపోయింది. జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది. సీసా కోసం చెయ్యి చాపుతోంది కానీ అక్కడ సీసా లేదు. అది హాల్లో టేబుల్ మీద ఉంది, అందరూ చూసి నవ్వుకోవడానికి. నేను పరిగెత్తి తెచ్చి నోట్లో పెడితే కాసేపటికి తేరుకుంది. తేరుకోగానే "మూడో బంతికి పెరుగు సరిపోతుందా చూడవే" అంది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వారంలోనే పోట్లాడి ఆవిణ్ణి భీమవరం తీసుకొచ్చి, నాకు తెలిసిన డాక్టరమ్మకి చూపించాను. మావయ్య రాలేదు, చెరువు నీళ్ళు ఏదో తేడాగా ఉన్నాయట.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. మాత్ర ఎప్పుడు వేసుకుంటారని అడిగింది. అత్త వెంటనే చెప్పింది. అన్నం ఎప్పుడు తింటారని అడిగింది. అత్త నా వంక చూసింది. బంతుల సంగతి, గ్లాసు అందించే సంగతి, ఉపవాసాల సంగతి నేనే చెప్పాను. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, అత్తతో విడమరిచి మాట్లాడింది. తిన్న అన్నం వల్ల పెరిగే షుగరుని దించడానికి ఈ మాత్ర. తినకుండా మింగితే ఒంట్లో ఉన్న కాస్త షుగరునీ దించేస్తుంది, మనిషి స్పృహ తప్పుతుంది, ప్రాణం కూడా పోవచ్చు. ఆ చెమటలు, వణుకు అందుకే. బెల్లం తినడం దొంగతనం కాదు, అలా అయినప్పుడు వెంటనే తినాల్సిందేనని కూడా చెప్పింది.

"ముద్ద ఉంటేనే మాత్ర అమ్మా. ముద్ద లేదా, మాత్ర లేదు. కంచం ముందు కూర్చున్నాకే చేతిలోకి తీసుకోండి."

అత్త బుద్ధిగా తలూపింది. బయటికొచ్చాక, "పాపం, ఆ పిల్ల భోజనం చేసిందో లేదో" అంది డాక్టరమ్మ గురించి.

అప్పటికి ఒంటిగంట దాటింది. పక్క వీధిలో భోజనం హోటలుకి తీసుకెళ్ళాను. ఆకు వేశారు. పొగలు కక్కుతున్న అన్నం తెచ్చి వడ్డించబోతే, అత్త లేచి నాకు వడ్డించడానికి గిన్నె అందుకోబోయింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. మాత్ర వేసుకుంది. పప్పులో నెయ్యి వేసి అన్నంలో వేళ్ళు పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"అబ్బ, కాలిందే" అంది. వేళ్ళ వంక చూసుకుని, "వండటమేగానీ, ఇంత వేడన్నం తిని ఎన్నేళ్ళయిందో" అంది.

ఊదుకుంటూ, గోంగూర పచ్చడి నంజుకుంటూ, మారు వడ్డించుకుని, ఆకు ఖాళీ అయ్యేదాకా తింది. మెతుకులు కూడా వేలితో దగ్గరికి చేర్చుకుంది. నేనైతే సరిగ్గా తినలేదు, ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నాను. చెమట పట్టలేదు, చెయ్యి వణకలేదు. ఆవిడ జబ్బుకి మందు ఏంటో ఆ రోజు నాకు తెలిసింది. అది ఏ షాపులోనూ దొరకదని కూడా తెలిసింది.

నేనే దింపడానికి వెళ్ళి, మావయ్యని కూర్చోబెట్టి చెప్పాను. ఆవిడ తినేటప్పుడే మాత్ర ఇవ్వండి, లేకపోతే ఆవిడకి మొదటి బంతిలోనే పెట్టండి, రెండింట్లో ఏదైనా సరే, కానీ మాత్ర మింగి ఆకలితో నిలబడితే మనిషి దక్కదు అన్నాను. ఆయన అడ్డు చెప్పకుండా విన్నాడు. "దాన్ని తినొద్దని ఎవరన్నారమ్మా? దాని ఇల్లు, దాని వంట. ఎప్పుడు కావలిస్తే అప్పుడు తినొచ్చు" అన్నాడు. నిజమే, ఆ ఇంట్లో ఎవరూ ఆవిణ్ణి తినొద్దనలేదు. ఆవిడకి ఒక ఆకు వేసి, ఇక్కడ కూర్చో అని వడ్డించినవాళ్ళు కూడా ఎవరూ లేరు.

తర్వాత అత్త ఒక్కసారి ప్రయత్నించింది. అప్పుడు నేనక్కడే ఉన్నాను. మొదటి బంతి కూర్చుంది, మావయ్య మామూలుగానే మాత్ర నొక్కి చెయ్యి చాపాడు. అత్త గిన్నె కింద పెట్టలేదు. "నేను తినేప్పుడు వేసుకుంటానండీ. డాక్టరమ్మ అలాగే చెప్పింది" అంది. గొంతు చిన్నదే, కానీ అందరికీ వినపడింది. మావయ్య కోప్పడలేదు, ఆయన కోప్పడే మనిషి కాదు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోకుండా, వచ్చినవాళ్ళ వంక చూసి నవ్వాడు.

"నా చేత్తో ఇచ్చింది విషమా ఏంటి?" అన్నాడు.

పక్కనున్నాయన, అంత ప్రేమగా ఇస్తుంటే కాదనకూడదు చెల్లెమ్మా అన్నాడు. అత్త గిన్నె కింద పెట్టి మాత్ర మింగేసింది. నేను గుమ్మంలోంచి, అత్తకి కూడా ఇప్పుడే ఆకు వెయ్యమన్నాను. "వేద్దాం, వేద్దాం. వీళ్ళు బయల్దేరాలి కదమ్మా" అన్నాడు మావయ్య. నేను వంటింట్లోకి వెళ్ళి, ఒక గిన్నెలో అన్నం కలిపి, ఆవిడ అటూ ఇటూ తిరుగుతుంటే వెంటపడి నోట్లో ముద్దలు పెట్టాను. రెండు తింది. మూడోది పెట్టేలోపు బయటినుంచి "ఇదిగో, నెయ్యి" అని కేక. అత్త నోరు తుడుచుకుని నెయ్యి గిన్నె అందుకుంది.

ఎందుకు మింగావని తర్వాత నిలదీశాను. నాలిక కింద దాచి ఉమ్మెయ్యొచ్చు కదా అన్నాను. గ్లాసులో నీళ్ళు అయిపోయేదాకా ఆయన చూస్తారే అంది. చూస్తే చూడనీ, నీ ప్రాణం కదా అన్నాను.

"పదిమందిలో ఆయన చాపిన చెయ్యి ఖాళీగా వెనక్కి పంపమంటావేంటే?" అంది. అలా అంటున్నప్పుడు ఆవిడ మొహంలో భయం లేదు. భర్త పరువు కాపాడుతున్నానన్న ధీమా ఉంది. నేను ఇంక వాదించలేదు కానీ, రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి తిన్నావా అని అడిగేదాన్ని. "ఆఁ, అయిందే" అనేది. వెనకాల కుళాయి చప్పుడు వినపడేది.

ఆ తర్వాత వచ్చిన పట్టుబడి రోజున నేను లేను. తర్వాత ఒక్కొక్కళ్ళు చెప్పగా తెలిసింది. రొయ్యల రేటు దగ్గర బేరం తెగలేదు. మొదటి బంతి ఆకుల ముందు కూర్చునే చాలాసేపు మాట్లాడుకున్నారు. అప్పటికే మాత్ర మింగిన అత్త, అన్నం గిన్నె పట్టుకుని గోడ వారగా నిలబడి ఉంది. బెల్లం సీసా బీరువాలో ఉంది, ఈ మధ్య మరీ ఎక్కువగా తినేస్తోందని మావయ్య తాళం వేశాడు. వడ్డన మొదలయ్యాక ఆవిడ పప్పు వెయ్యాల్సిన చోట మజ్జిగ పోసింది. ఎవరో ఏదో అడిగితే పొంతన లేని జవాబు చెప్పింది. అందరూ నవ్వారట. తర్వాత వంటింట్లో పడిపోయింది.

ఫోనొస్తే ఆస్పత్రికి పరిగెత్తాను. వరండాలో డాక్టరు ఏం జరిగిందని అడుగుతుంటే మావయ్య చెప్తున్నాడు. "షుగరు పెరిగిపోయిందని నేను వెంటనే పసిగట్టానండి. ఎక్కడో బెల్లం సంపాదించి తినేసుంటుంది. ఆలస్యం చెయ్యకుండా నా చేత్తోనే ఇంకో మాత్ర వేశాను. మింగేదాకా గొంతు నిమిరాను." డాక్టరు రాసుకోవడం ఆపి, ఆయన వంక చూసి, లోపలికెళ్ళిపోయాడు. అత్త మళ్ళీ కళ్ళు తెరవలేదు. కొన్నాళ్ళు గొట్టాలతో ఉంచి, ఇంక లాభం లేదన్నారు.

షుగరుతో పోయిందని ఊళ్ళో అన్నారు. ఒంట్లో షుగరు లేక పోయిందని నేను నాన్నతో అన్నాను. అసలు నిజం చెప్పాలంటే ఆకలితో పోయింది, ముప్ఫై మందికి తన చేత్తో వండిన అన్నం పక్కనే ఉండగా. నాన్న, "తెలియక చేశాడే. నువ్వు చెప్పింది ఆయన బుర్రకెక్కలేదు. పైగా అక్కయ్యే తిన్నాను తిన్నాను అనేది" అన్నాడు. పోయింది నాన్న సొంత అక్క. ఆయనే ఆ మాటంటే నేను కాదనలేకపోయాను. తెలియక చేసిన మనిషిని ఎప్పటికైనా క్షమించొచ్చు. రెండో మాత్ర సంగతి కూడా ఆ మాట కిందికే వస్తుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పెద్దకార్యానికి ఆ మాట పట్టుకునే వెళ్ళాను.

వాకిట్లో పందిరి వేశారు. మావయ్య పరిచయాలన్నీ వచ్చాయి, రోడ్డు పొడవునా కార్లు. పెద్దకార్యం రోజున మొదటి ఆకు పోయినవాళ్ళకే వేస్తారు. వాళ్ళకి ఇష్టమైనవన్నీ వడ్డించి పెరటి గోడ మీద పెట్టి, కాకి వచ్చి ముట్టాకే మిగతావాళ్ళకి వడ్డన. వంటమేస్త్రి వచ్చి, అమ్మగారికి ఏవి ఇష్టమండీ అని అడిగాడు. ఏ బేరగాడికి రొయ్యల ఇగురులో కారం ఎంత ఉండాలో, ఎవరు పెరుగు తింటారో ఎవరు మజ్జిగ తాగుతారో అడక్కుండా చెప్పగల మావయ్య తడుముకున్నాడు. కొడుకు వంక చూశాడు. కొడుకు నేల చూశాడు. "తీపండి. దానికి తీపంటే ప్రాణం" అన్నాడు మావయ్య చివరికి. బూరెలు, అరిసెలు, పూతరేకులు ఆకు నిండా పెట్టారు. ఆ ఇంట్లో అంతమంది ఆకలితో ఆగి, ఆవిడ తినడం కోసం ఎదురుచూడటం నేను చూడటం అదే మొదలు.

కాకి రాలేదు. ఎండ ముదిరింది. జనం గోడల నీడకి, కార్ల నీడకి చేరారు. మావయ్య చేతులు జోడించుకుని ఆకు ముందు నిలబడ్డాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. అవి దొంగ నీళ్ళు కావు, ఆ సంగతి నేను ఒప్పుకుంటాను. అప్పుడు భీమవరం నుంచి వచ్చిన మేత డీలరొకాయన, పెద్దమనిషి, మొహమాటపడుతూ ఆయన దగ్గరికి వచ్చాడు.

"ఏమీ అనుకోకండి. కుర్చీలు వేస్తుంటే, వడ్డించేస్తున్నారు కదా అని మాత్ర వేసేసుకున్నాను. అన్నం ముందు వేసుకునేదండి" అన్నాడు.

మావయ్య జోడించిన చేతులు విడిపోయాయి.

"ఎంత పని చేశారండీ. ముందే చెప్పొద్దా? ఆ మాత్ర మింగాక ఆగకూడదు, కళ్ళు తిరిగి పడిపోతారు. ప్రాణం మీదికొస్తుంది" అన్నాడు. కాకి ఇంకా ముట్టలేదని పక్కన ఎవరో గొణిగితే, "కాకి వస్తుందిలెండి, ముందు మనిషి" అని కసిరాడు.

ఆయనే ఆకు తెచ్చి వేశాడు. ఆయనే నీళ్ళు చల్లాడు. వంటవాళ్ళ కోసం ఆగకుండా గుండిగలోంచి అన్నం తనే తెచ్చి వడ్డించి, పప్పు వేసి, "ముందు ఒక ముద్ద నోట్లో పెట్టుకోండి, మాటలు తర్వాత" అన్నాడు. ఆ డీలరు తినడం అయ్యేదాకా పక్కనే నిలబడి, మొహం వంక చూస్తూ, చెమటలేమన్నా పడుతున్నాయా అని అడిగాడు.

నేను పందిరి గుంజ పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. నేను ఆ రోజు కూర్చోబెట్టి చెప్పిన మాటలు ఒక్కటి కూడా పోలేదు, అన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి. మాత్ర మింగిన మనిషిని ఆకలితో నిలబెట్టకూడదని మావయ్యకి తెలుసు. ఆ మనిషి అతిథి అయ్యుండాలి, అంతే.